పుట్టబోయే బిడ్డకు పాత నూలు చీర

బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొని పెట్టకూడదన్న నమ్మకం సంగారెడ్డి జిల్లా హత్నూర పల్లెల్లోనే కాదు, తెలంగాణలో చాలాచోట్ల ఉంది. కొంటే కీడు అంటారు పెద్దలు. పురిట్లోనే బిడ్డలు పోవడం ఊరూరా తెలిసిన కాలంలో పుట్టిన భయం అయి ఉండాలి అది. కడుపుకోత చూసినవాళ్ల జాగ్రత్తను మూఢత్వమని కొట్టిపారేయడం సులువే కానీ న్యాయం కాదు. పైగా ఆ నమ్మకం ఉన్న ఇళ్లలోనే నెలలు నిండేకొద్దీ ఒక తయారీ సాగేది. కట్టి కట్టి మెత్తబడ్డ అమ్మమ్మ నూలు చీరలను పెట్టెలోంచి తీసి, ఉతికి, ఎండేసి, పొత్తిగుడ్డలుగా చింపి మడిచి ఉంచేవారు. మిగిలిన ముక్కలను పొరలుగా పరిచి టాకాలు వేస్తే చిన్న బొంత. బలంగా ఉన్న చీర ఒకటి తొట్టెలకు. పాత బట్టకు ఆ కీడు వర్తించదు. గతిలేక చేసుకున్న సర్దుబాటుగా దీన్ని చూడటం మనకు అలవాటైంది. నా ఉద్దేశంలో ఇది పసిబిడ్డ ఒంటికి ఏం కావాలో ఎరిగినవాళ్ల పని. కాన్పుకు ముందు ఇంట్లో చేసే కుట్టుపనిలో సూది పట్టడం కంటే గుడ్డను ఎంచడమే పెద్ద విద్య. ఇప్పుడు మన చేతుల్లోంచి జారిపోతున్నదీ ఆ విద్యే.

పుట్టిన క్షణంలో బిడ్డ ఒళ్లు తడిగా ఉంటుంది. కడుపులోని వెచ్చదనంలోంచి గది గాలిలోకి రాగానే ఆ తడి ఆరుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. బరువుతో పోల్చి చూస్తే పసిబిడ్డ చర్మం వైశాల్యం పెద్దవాళ్లకంటే సుమారు మూడింతలు ఎక్కువ. అంటే వేడి బయటికి పోయే దారి అంత పెద్దది. మనలా వణికి వేడి పుట్టించుకోవడం కూడా ఆ ఒంటికి ఇంకా చేతకాదు. బిడ్డ ఒంటి ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందుకే పుట్టగానే తుడిచి, తల్లి రొమ్ముకు ఆనించి, ఇద్దరినీ కలిపి కప్పమంటుంది. మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆపమంటుంది. ప్రాణహిత అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు స్థాపించిన సెర్చ్ సంస్థ, పల్లెటూరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గర నవజాత శిశువుల సంరక్షణ చేయించింది. వాళ్ల చేతి సంచిలో థర్మామీటరు, మందులతోపాటు బిడ్డను వెచ్చగా ఉంచే గుడ్డసంచి కూడా ఉండేది. ఇతర గ్రామాలతో పోలిస్తే అక్కడ నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ ఫలితం గుడ్డ ఒక్కదానివల్ల వచ్చింది కాదు, ఇన్‌ఫెక్షన్లకు చేసిన చికిత్సది అందులో పెద్ద వాటా. అయినా తుడవడం, కప్పడం, తడిసిన గుడ్డ మార్చడం అనే చిన్న పనులు వైద్యంలో భాగమేనని ఆ అనుభవం తేల్చింది. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు 42 రోజుల్లోపు కనీసం ఆరుసార్లు ఇంటికి వచ్చి బిడ్డను చూసే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది.

ఇక గుడ్డ సంగతి. మామూలు తేమ ఉన్న గాలిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. బిడ్డ ఉచ్చ పోసినా, చెమట పట్టినా నూలు గుడ్డ ఆ తడిని ఒంటి మీద నుంచి లోపలికి పీల్చుకుంటుంది. పాలిస్టర్ చర్మం మీదే వదిలేస్తుంది. సంగారెడ్డి జిల్లాలో ఈ తేడా రెండు కాలాల్లోనూ తెలుస్తుంది. చలికాలంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలకు కోహీర్ పేరు వాతావరణ వార్తల్లో తరచూ వినిపిస్తుంది. మే నెలలో రేకుల కప్పు కింది కిరాయి గది నిప్పుల మీది పెనంలా ఉంటుంది. పలుచని నూలు పొరలైతే చలికి ఒకటి కలపవచ్చు, ఎండకు ఒకటి తీయవచ్చు. బజారులో కానుకగా కొనే బొచ్చు దుప్పటి బొమ్మలతో ముద్దుగానే ఉంటుంది కానీ అందులో చాలావరకు పాలిస్టరే. ఎండాకాలంలో దాన్ని చుట్టబెడితే బిడ్డకు చెమటకాయలు రావడం ఒక్కటే కాదు, ఒళ్లు అతిగా వేడెక్కే ప్రమాదం కూడా ఉంది.

పాత చీరే వాడదామనుకున్నా ఇప్పుడు పెట్టెలో దొరికే చీరలు ఏవి? ఇల్లాళ్లు రోజూ కట్టేవి ఉతకడానికి తేలికైన, తొందరగా ఆరే సింథటిక్ చీరలు. సిరిసిల్ల మరమగ్గాల మీద వేలమందికి పని కల్పించిన, ప్రభుత్వం పండుగకు పంచిన బతుకమ్మ చీరలూ పాలిస్టర్‌వే. పత్తి పండే జిల్లాలో, పత్తి ఏరే చేతుల ఇంట్లో, బిడ్డకు చుట్టడానికి నూలు చీర వెతుక్కోవలసి వస్తోంది. కాబట్టి పాతదంతా మంచిదన్న మాట ఈ తరానికి సరిపోదు. ఏ గుడ్డ అయినా ఒక దారపు పోగు తీసి, పిల్లలకు దూరంగా, జాగ్రత్తగా అగ్గిపుల్లకు చూపిస్తే తెలిసిపోతుంది: నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పెద్దాయన పాత పంచె, మెత్తబడ్డ నూలు లుంగీ, దస్తీ, నేత తువాలు కూడా చీరతో సమానంగా పనికొస్తాయి.

కొత్త నూలు కొంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోతుంది, కాకపోతే పలుమార్లు ఉతికాక. కొట్టు నుంచి వచ్చిన గుడ్డలో గంజి ఉంటుంది, మిగులు రంగు ఉంటుంది, కొన్నిటిలో ముడతలు పడకుండా పెట్టే ఫార్మల్డిహైడ్ రసాయనం ఉంటుంది. ఈ చివరిదాని విషయంలో జపాన్ 1970లలోనే చట్టం చేసి, రెండేళ్లలోపు పిల్లల బట్టల్లో అది దాదాపు లేకుండా ఉండాలని కట్టడి పెట్టింది. మన దేశంలోనూ 1997లో హానికరమైన కొన్ని అజో రంగులను నిషేధించారు. పదేళ్లు ఉతికిన చీరలో ఇవి దాదాపు మిగలవు. పాతదనంలోని మేలు ఇక్కడ కంటికి కనబడుతుంది. ఒక్క హెచ్చరిక మాత్రం ప్రతి ఇంటి గోడ మీదా రాసి పెట్టదగినది. పెట్టెలో చీరల మధ్య వేసే కలరా ఉండల్లో, కొందరి మాటలో డాంబర్ గోలీల్లో, ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డకు ఆ వాసన పట్టిన గుడ్డ చుడితే ఎర్ర రక్తకణాలు చితికి తీవ్రమైన కామెర్లు రావచ్చు, మెదడుకు కూడా ముప్పు. ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేసేవరకు తెలియదు కాబట్టి గోలీలు లేని చోట దాచిన గుడ్డనే వాడాలి. వాసన ఏ మాత్రం మిగిలినా ఆ గుడ్డ బిడ్డకు వద్దు.

హత్నూర లాంటి చోట మరో జాగ్రత్త కావాలి. మండలంలో బోర్పట్ల, గుండ్లమాచనూర్ వైపు మందుల పరిశ్రమలున్నాయి. దక్షిణాన జిన్నారం, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు దాకా రసాయన, మందుల ఫ్యాక్టరీలే. షిఫ్టుకు పోయి వచ్చినవాళ్ల యూనిఫాం చిరిగితే అది ఇంట్లో మసిగుడ్డ అవుతుంది, గట్టి గుడ్డ కదా అని బొంత లోపలి పొర కూడా అవుతుంది. పని బట్టల వెంట ఇంటికి వచ్చే దుమ్ము గురించి అమెరికా 1992లో ఒక చట్టమే చేసింది. ఆ చట్టం ప్రకారం అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ 1995లో ఇచ్చిన నివేదికలో సీసం, ఆస్బెస్టాస్, పురుగుమందులు, మందుల తయారీలోని హార్మోన్ పదార్థాలు కార్మికుల బట్టల మీద ఇంటికి చేరి భార్యాపిల్లలను జబ్బు పరిచిన ఉదాహరణలు ఉన్నాయి. ప్రతి ఫ్యాక్టరీ బట్టలోనూ విషం ఉందని అనడం లేదు. ఏ బట్టలో ఏముందో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం కనుక పని బట్టలను విడిగా ఉతకాలి, వాటి ముక్క ఒక్కటీ బిడ్డ గుడ్డల్లో చేరకూడదు. చేనుకు మందు కొట్టినప్పుడు వేసుకున్న చొక్కాకూ, బొంత అడుగున కుట్టే యూరియా సంచికీ ఇదే వర్తిస్తుంది.

ఇదంతా ఎందుకు, ప్రభుత్వమే కిట్టు ఇస్తే సరిపోదా అన్నది గట్టి ప్రశ్న. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన తల్లికి చీరలు, బిడ్డకు బట్టలు, తువాళ్లు, దోమతెర, సబ్బు, నూనె వంటి 16 రకాల వస్తువులు ఇచ్చారు. విడతలవారీగా మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయల సాయం దానికి తోడు. ఆసుపత్రి కాన్పుల వైపు అడుగు వేయించడమే ఉద్దేశం. ఇలాంటి పథకాలకు పెద్దన్న ఫిన్లండ్. అక్కడ 1938లో పేద తల్లులకు మొదలుపెట్టి 1949 నుంచి అందరికీ ఇచ్చిన ప్రసూతి పెట్టె కోసం తల్లి నాలుగో నెల దాటకముందే వైద్య పరీక్షకు రావాలి. తొలినాళ్లలో ఆ పెట్టెలో సిద్ధం బట్టలతోపాటు తల్లి కుట్టుకోవడానికి గుడ్డ కూడా ఉండేది. యుద్ధకాలంలో నూలు సైన్యానికి కావలసి వచ్చి, కొంతకాలం కాగితపు పక్కబట్టలు కూడా పెట్టారు. 1957కు వచ్చేసరికి గుడ్డ పూర్తిగా పోయి అన్నీ కుట్టిన బట్టలే అయ్యాయి. ఆ మార్పు తల్లులకు పని తగ్గించింది, నిజమే. అయితే తొలి పెట్టెను తలచినవాళ్ల ఆలోచన నాకు నచ్చుతుంది: నాణ్యమైన గుడ్డ ప్రభుత్వం ఇస్తుంది, బిడ్డకు తగిన కుట్టు ఇల్లు వేస్తుంది. పైగా కిట్టు అందేది కాన్పయ్యాక. బిడ్డను తుడిచి చుట్టే మొదటి గుడ్డ అప్పటికే ఆసుపత్రికి పట్టుకెళ్లే సంచిలో ఉండాలి.

పాత గుడ్డ అంటే మురికి అనీ, ధనుర్వాతం వస్తుందనీ చదువుకున్నవాళ్లు భయపడతారు. ఆ భయానికి చరిత్ర ఉంది. బొడ్డుకోతకు మురికి కత్తి, బొడ్డు మీద మట్టి లేదా పేడ, శుభ్రం కాని గుడ్డ కలిసి ఎందరు బిడ్డలను తీసుకుపోయాయో లెక్కలేదు. తల్లులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగాక 2015లో భారతదేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ బిడ్డలను బలిగొన్నది మురికి, బట్ట వయసు కాదు. సబ్బుతో ఉతికి, నీళ్లలో మరిగించి, ఎర్రటి ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి శుభ్రమైన సంచిలో మడిచిన పాత చీర, దుకాణం అరలో పదిమంది చేతులు మారిన కొత్త జుబ్బాకంటే శుభ్రం. బొడ్డు మీద మాత్రం పాతదైనా కొత్తదైనా ఏ గుడ్డా కట్టకూడదు. పొడిగా గాలికి వదిలేయాలి.

కుట్టేది కూడా ఎక్కువేం కాదు. మీటరు చదరం పొత్తిగుడ్డలు డజను, లంగోటీలు రెండు డజన్లు, ముందుకు తెరుచుకుని నాడాలతో కట్టే జుబ్బాలు నాలుగైదు, రెండు టోపీలు, తల్లి ఒడిలోనో చాప మీదో పరిచే బొంతలు రెండు. జుబ్బా కుట్టు అంచులు బయటివైపు ఉంటే పలుచని చర్మానికి ఒరుసుకోవు. చేతి తొడుగుల్లో, కాలి మేజోళ్లలో దారపు పోగులు వేలాడకుండా కత్తిరించాలి. అవి చిన్న వేలికి చుట్టుకుని రక్తం ఆగిపోయి వేలే పోయిన సందర్భాలు వైద్యులకు తెలుసు. తండాల్లో లంబాడా ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు పొదిగి చేసే కుట్టు కళ్లు తిప్పుకోనివ్వదు. ఆ అందం గోడకు వేలాడే తోరణంలో ఉండాలి, బిడ్డ నోటికి అందే చోట వద్దు. మన ఆచారంలో దిద్దుకోవలసినవీ ఉన్నాయి. కాళ్లు చాపి బిగించి చుట్టడం వాటిలో మొదటిది. జపాన్‌లో 1975లో ఆ అలవాటు మాన్పించే ప్రచారం చేశాక, అంతకుముందు 1.1 నుంచి 3.5 శాతం దాకా ఉన్న తుంటి తొలగుట సమస్య 0.2 శాతానికి దిగింది. చేతులు చుట్టినా కాళ్లు కప్పలా మడిచి ఆడించుకునే వీలుండాలి. తల గుండ్రంగా రావాలని ఇష్టంగా కుట్టే ఆవాల దిండు కూడా వద్దు. నిద్రలో బిడ్డ ముఖం దగ్గర దిండు, వదులు బొంత ఉంటే ఊపిరి ఆడని ప్రమాదం ఉంది.

తీరిక ఎక్కడిది అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికంటే నిజమైనది కూడా. పత్తి ఏరే కూలీకి, ప్యాకింగ్ లైన్‌లో నిలబడే అమ్మాయికి నెలలు నిండుతున్నప్పుడు రాత్రిపూట మిషన్ తొక్కమనడం అన్యాయం. 2017 సవరణ తర్వాత చట్టం 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తుంది, అందులో 8 వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. రోజు కూలీకి, చేతిరాత లెక్కల మీద పనిచేసే కాంట్రాక్టు మనిషికి అది అందేది తక్కువ. కాబట్టి ఈ కుట్టు గర్భిణి ఒక్కతె మీద పెట్టే బరువు కాకూడదు. వెనకటికీ కాదు: కుట్టింది అమ్మమ్మ, అత్త, వదిన, పొరుగింటి చెయ్యి తిరిగిన ఆడమనిషి. తొలి కాన్పుకు పుట్టింటికి పోలేని కిరాయి గదుల్లో ఆ చేతులు లేవు. 2024లో తెలంగాణ ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. మిషన్లు, కొలతలు, కుట్టే చేతులు ఊళ్లో ఇప్పటికే ఉన్నాయి. ఆ సంఘాలకే మండలానికి ఇన్ని మీటర్లని నేత నూలు ఇచ్చి, ఏడో నెల పరీక్షకు వచ్చిన ప్రతి గర్భిణికీ ఉతికిన పొత్తిగుడ్డలు, జుబ్బాలు ఉన్న మూట ఆశా కార్యకర్త చేతనే ఇప్పించవచ్చు. కొత్త బట్టకు భయపడే పెద్దలున్న ఇంట్లో ఆ మూటలో ఒక పాత చీర కలిపి కడితే అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు.