తల్లిదండ్రుల తగవు - బిడ్డ మనస్సు

తల్లిదండ్రులు విడిపోవుటకు చాలముందే ఇంటిలోని తగవు బిడ్డకు తెలిసియుండును. తలుపు మూసికొని మాటలాడుకొన్నను, గొంతు హెచ్చుటయు, వంటయింటిలో గిన్నెలు విసరుటయు, ఆ రాత్రి ఎవరో ఒకరు అన్నము మానుటయు బిడ్డ గమనించుచునే యుండును. అయిదారేండ్ల పిల్లవాడు దీనికి తానే కారణమని తలచుట కలదు. తాను పాలు ఒలుకబోసినందుననే నాన్న వెళ్లిపోయినాడని అతడు నిజముగా నమ్మవచ్చును. ఆ సంగతి ఎవరితోను చెప్పడు గాన, అతడు అడుగకున్నను పెద్దలే చెప్పవలయును: "ఇది మా ఇద్దరి తగవు. ఇందులో నీ తప్పేమీ లేదు. ఎక్కడున్నా మేము నీ అమ్మా నాన్నలమే." ఒక్కసారి చెప్పిన చాలదు.

విడాకులు జరిగినంతనే బిడ్డ బ్రదుకు చెడునని తలచుట సరికాదు. కలహము శాంతించిన పిమ్మట పిల్లలలో అనేకులు క్రమముగా కుదుటపడుదురు. ఎక్కువ హాని చేయునది ఏండ్లతరబడి ఆగని కలహమే. అట్టి యిండ్లలో పిల్లలు నిద్రలో ఉలికిపడుదురు; ఎప్పుడో మానిన పక్క తడుపుట మరల మొదలగును; కారణము కనబడని కడుపునొప్పి వచ్చును; చదువు వెనుకబడును. కొందరు మితిమీరి బుద్ధిమంతులగుదురు. ఇరుగుపొరుగువారు దానిని మెచ్చుకొందురు గాని, అదియు గమనింపదగిన లక్షణమే.

ఆదివారము తండ్రివద్ద గడపి వచ్చిన బాలికను గుమ్మములోనే అమ్మమ్మ అడుగును: "మీ నాన్న మమ్మల్ని ఏమన్నాడే?" మరుసటి వారము అక్కడ నాయనమ్మ అదే ప్రశ్న వేయును. ఎవరికి ఏ సమాధానము రుచించునో ఆ బాలిక త్వరలోనే నేర్చుకొనును. ఇంటికొక మాట చెప్పుట అబద్ధములాడు స్వభావము కాదు. ఇద్దరి ప్రేమయు దక్కించుకొనుటకు ఆమె పడు పాట్లు. బడి ఫీజు సంగతి గాని, కోర్టు వాయిదా సంగతి గాని బిడ్డచేత కబురంపరాదు. తల్లిదండ్రులకు ముఖాముఖి మాటలు సాగనిచో ఒక నోటుపుస్తకములో వ్రాసి పంపుకొనవచ్చును, లేదా ఇరువురును నమ్మిన పెద్దమనిషి ద్వారా తెలుపుకొనవచ్చును.

కోర్టు వ్యవహారములలో బిడ్డ ఎవరియొద్ద నుండవలయునను విషయమును 'కస్టడీ' యందురు. ఠాణాలో నిర్బంధింపబడినవారికిని ఇదే మాట. తెలుగులో 'సంరక్షణ' యనుటయే మేలు. చట్టము ఉద్దేశించినదియు అదియే. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము బిడ్డ క్షేమమే అన్నిటికంటె ముఖ్యము. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లియొద్ద నుండవలయునని ఆ చట్టమే చెప్పుచున్నది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము ప్రకారము, తెలివితో తన యిష్టము చెప్పగల వయస్సు వచ్చిన బిడ్డ యభిప్రాయమును న్యాయస్థానము పరిగణింపవచ్చును. అంతమాత్రమున "జడ్జిగారితో ఇట్లు చెప్పు" అని బిడ్డకు పాఠము నేర్పుట క్రూరము. 1984 నాటి చట్టముచే ఏర్పడిన కుటుంబ న్యాయస్థానములలో సలహాదారులు ఉందురు; ఉభయులలో ఎవరు కోరినను విచారణ నలుగురి యెదుట గాక ఏకాంతముగా జరుపబడును. ఈ సదుపాయమును కోరుకొనుటకు సంకోచింపనక్కరలేదు.

అయితే ఇంటిలో కొట్టుట, బెదరించుట జరుగుచున్నచో పైన చెప్పిన సర్దుబాట్లు వర్తింపవు. అక్కడ మొదట చూడవలసినది ప్రాణరక్షణ. 2005 నాటి గృహహింస నిరోధ చట్టము క్రింద తల్లి రక్షణ ఉత్తరువును, పిల్లల తాత్కాలిక సంరక్షణను కోరవచ్చును. స్త్రీలకు 181, పిల్లలకు 1098 టెలిఫోను నంబరులు కలవు. బిడ్డ దిగులు వారములు గడచినను తీరనిచో టెలి మానస్ నంబరు 14416 నకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. బడి ఉపాధ్యాయునికి కూడ సంగతి క్లుప్తముగా తెలుపుట మంచిది, తరగతిలో నలుగురి యెదుట "మీ నాన్న రాలేదేమి?" యను ప్రశ్న ఆ బిడ్డకు తప్పును.