ఉప్పునీటి చేపకు ఎంత తొట్టి?



సముద్రమునకు దూరమైన మన పల్నాటిలో ఉప్పునీటి చేపలను పెంచుట మీకు వింతగా తోచవచ్చును. నరసరావుపేటలోని మా యింట నది జరిగినది. జరిగి, యొక ప్రాణము పోయినది. ఆ పొరపాటు మీ యిండ్లలో జరుగకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2003వ సంవత్సరమున వెలువడిన ‘ఫైండింగ్ నీమో’ యను బొమ్మల చిత్రమును జూచి, మా చిన్నవాడు అందలి నీలిచేప కావలెనని పట్టుపట్టెను. ఒక యంగడివారు రెండడుగుల తొట్టి చాలునని చెప్పి, రెండంగుళముల చేపను మాకిచ్చిరి. చేప చిన్నదే గదా యని నేనును సమ్మతించితిని. అది పగలెల్ల నీ చివరినుండి యా చివరకు బోయి, గాజునకు మూతి గొట్టుకొనుచుండెను. ఆడుకొనుచున్నదని మేము మురిసితిమి. వైశాఖమాసమున నొకనాటి మధ్యాహ్నము కరెంటు పోయెను. సాయంకాలమునకు చేప నీటిపై తేలియుండెను.

తరువాత విచారింపగా దెలిసినది. బ్లూ టాంగ్ అనబడు నీ చేప యడుగు పొడవు పెరుగును. పగడపు దిబ్బలచెంత దినమెల్ల నీదుచుండును. కావున తొట్టి కొనునపుడు నేటి చేపను గాక, పెరిగిన చేపను తలచుకొనవలయును. ఎత్తుకంటె పొడవు ముఖ్యము. ఎత్తైన సన్నని తొట్టిలో చేపకు పరుగుతీయ తావుండదు. గాలి సోకు నీటి వైశాల్యమును తక్కువయే.

రెంటచింతల యెండలు మనకు దెలియనివి కావు. నీరు వేడెక్కిన కొలది నందలి ప్రాణవాయువు తగ్గును. కొద్దినీరు త్వరగా వేడెక్కును, త్వరగా మలినమగును. మా తొట్టిలో పట్టినది 56 లీటర్లు మాత్రమే. ఈ చేపకు దగిన ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల తొట్టిలో సుమారు 680 లీటర్లు పట్టును. ఆ నీటి బరువే 700 కిలోలు; నేల గట్టిదై యుండవలయును. లీటరునకు 35 గ్రాముల చొప్పున 24 కిలోల సముద్రలవణము కావలయును. వంటయింటి ఉప్పు పనికిరాదు. నీరు ఆవిరియైనను ఉప్పు తొట్టిలోనే నిలుచును గనుక, తరిగినంతమేర మంచినీటినే పోయవలయును.

ఇంత చోటు లేనివారు క్లౌన్ చేపల జంటను దెచ్చుకొనుట మేలు. అవి నాలుగంగుళములకు మించి యంతగా పెరుగవు, ఒక్కచోటనే మసలుచుండును, మూడడుగుల తొట్టి చాలును. వీనిని తమిళనాడులోని మండపమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు గుడ్లనుండి పొదిగించి పెంచిరి. నీలిచేపలో చాలవరకు సముద్రమునుండి పట్టి తెచ్చినవే.

మా తొట్టి యిపుడు ఖాళీగా నున్నది. మొన్న మా చిన్నవాడు వాళ్ల నాన్నగారి సుద్దముక్కతో గోడపై ఆరడుగుల గీత గీసి, “అమ్మా, దానికి ఇంత చోటు కావలసియుండెను గదా!” యనెను. ఆ గీతను నేనింకను తుడువలేదు.