మూడు నెలల్లో క్యాట్: అపోహలు – వాస్తవాలు

ఈఏపీసెట్ (పాత ఎంసెట్)‌లో తప్పు రాసినా మార్కు పోదు. ఐసెట్‌లోనూ అంతే. 150 నిమిషాలు, 200 ప్రశ్నలు, నెగెటివ్ మార్కుల్లేవు. ఆఖరి నిమిషంలో మిగిలినవాటన్నిటికీ ఏదో ఒక ఆప్షన్ నొక్కేసి బయటికొస్తారు. ఇంటర్ నుంచి ఒంటబట్టిన ఆ అలవాటుతోనే మనవాళ్లు ఐఐఎంల ప్రవేశ పరీక్ష అయిన క్యాట్‌కీ కూర్చుంటారు. ఉద్యోగం చేసుకుంటూ ఆగస్టులో పుస్తకం తెరిచి, నవంబరు ఆఖర్లో పరీక్ష రాసేవాళ్లని టైము చాలకపోవడం కన్నా ఎక్కువగా ముంచేది ఇదే.

అపోహ: సిలబస్ మొత్తం పూర్తిచేయకపోతే రాసి లాభం లేదు.

అసలు ఐఐఎంలు క్యాట్‌కి సిలబస్ అంటూ ప్రకటించవు. 2024లో 68 ప్రశ్నలు, 204 మార్కులు. అందులో సగం రాకుండానే 99 పర్సంటైల్ దాటినవాళ్లున్నారు. మ్యాథ్స్‌లో సింహభాగం అంకగణితం, బీజగణితానిదే. శాతాలు, నిష్పత్తులు, కాలం-దూరం, సమీకరణాలు గట్టిగా పట్టుకుని, ప్రస్తారాలు, సంయోగాలు రాకపోతే వదిలేసినా కొంపేం మునగదు.

అయితే సెక్షన్‌కి సెక్షన్ వదిలేయడం కుదరదు. ఐఐఎంలు విడివిడిగా సెక్షనల్ కటాఫ్ పెడతాయి. పైగా ఒక్కో సెక్షన్‌కి కచ్చితంగా 40 నిమిషాలే. ఒకదాంట్లో మిగిలిన సమయం రెండోదానికి పనికిరాదు.

అపోహ: ఎన్ని ఎక్కువ ప్రశ్నలు చేస్తే అంత మంచిది.

డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజికల్ రీజనింగ్ సెక్షనే చూడండి. 2024లో 22 ప్రశ్నలు ఐదు సెట్లుగా వచ్చాయి. మొదటి సెట్‌లోనే తలదూర్చి, పట్టిక గీసి, పదిహేను నిమిషాల తర్వాత షరతు ఒకటి తప్పుగా చదివామని గ్రహించి, పంతంతో మళ్లీ మొదటికొచ్చేవాళ్లే ఎక్కువ. అనుభవమున్నవాళ్లు ముందు నాలుగైదు నిమిషాలు లెక్కే మొదలుపెట్టరు. ఐదు సెట్లూ చదివి, లొంగేవి రెండో మూడో ఎంచుకుంటారు. తొమ్మిది ప్రశ్నలు సరిగ్గా చేస్తే 27 మార్కులు. ఈ సెక్షన్‌కి అది చిన్న స్కోరు కాదు.

అపోహ: నెగెటివ్ ఉంది కాబట్టి అనుమానముంటే ముట్టుకోకూడదు.

ఇది ఆఖరి నిమిషంలో అన్నీ నొక్కేసే అలవాటుకి పూర్తిగా అవతలి కొస. సరైన జవాబుకి మూడు మార్కులు, తప్పుకి ఒకటి కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఒక ఆప్షన్ తప్పని నిక్కచ్చిగా తెలిస్తే మాత్రం లెక్క అభ్యర్థివైపే మొగ్గుతుంది. ఇక ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసే ప్రశ్నలకి కోతే లేదు. వాటిని ఖాళీగా వదలడం శుద్ధ అమాయకత్వం.

అపోహ: ఇంగ్లిష్ మీడియం కాకపోతే పదాల జాబితాలు బట్టీ పట్టాల్సిందే.

అర్థం రాయమనే ప్రశ్న ఇప్పుడు రావడం లేదు. ఇంగ్లిష్ సెక్షన్‌లోని 24లో 16 ప్రశ్నలు పాసేజీలమీదే. రోజూ రెండు మంచి వ్యాసాలు చదివి, రచయిత వాదన ఏమిటో తెలుగులోనైనా రెండు వాక్యాల్లో చెప్పుకోగలిగితే అదే సాధన.

అపోహ: మాక్ టెస్టులు ఆఖరి నెలలో రాస్తే చాలు.

మూడు నెలలే చేతిలో ఉన్నప్పుడు మాక్ మొదటి వారంలోనే రాయాలి. మార్కుల కోసం కాదు, ఏది వదలాలో తెలియడానికి. ఆదివారం రెండు గంటలు పరీక్ష రాస్తే, దాన్ని విప్పి చూసుకోవడానికి మరో మూడు గంటలు కేటాయించాలి. వారానికొక మాక్ చాలు. రోజుకొకటి రాసి స్క్రీన్‌షాట్లు పంచుకోవడం ప్రిపరేషన్ కాదు.

వీటన్నిటికీ ముందు చూసుకోవాల్సింది తేదీ. క్యాట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టులో మొదలై సెప్టెంబరులో ముగుస్తాయి. దసరా సెలవుల్లో ఆలోచన వచ్చినవాళ్లకి ఆ ఏడాది క్యాట్ లేనట్టే. వాళ్లు జనవరిలో జరిగే మరో ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఎక్స్‌ఏటీ దరఖాస్తు గడువు చూసుకోవాలి.