నవలాపఠనం - పదపరిజ్ఞానం
ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన 'మాలపల్లి' నవల 1922లో వెలువడింది. గుంటూరు ప్రాంతపు పల్లెజీవనం, వ్యవహారభాష అందులో ప్రతిబింబిస్తాయి. నేటి పట్టణ విద్యార్థికి అందులోని 'పాలేరు' వంటి పదం అపరిచితం కావచ్చు. అంతమాత్రాన పఠనం ఆపనవసరం లేదు. ఆ పదం చుట్టూ ఉన్న క్రియలను, తోడి పదాలను గమనించాలి. సేద్యపు పనులు, యజమాని, జీతం అనే ప్రస్తావనలు కలిసి వస్తే, రైతు కొలువులోని పనివాడని ఊహకు అందుతుంది. ఆ పదం మళ్ళీ ఎదురైనప్పుడు ఊహను సరిచూసుకోవాలి. ఆపై నిఘంటువుతో పోల్చుకోవాలి. నిఘంటువు 'సేద్యపు పనివాడు' అని చెప్పి ఊరుకుంటుంది. పాలేరైన సంగదాసు యజమాని చౌదరయ్య చేతిలో మరణించిన ఘట్టం చదివిన వానికి ఆ పదం వెనుకనున్న అణచివేత కూడా అవగతమవుతుంది. అట్లు తెలిసిన పదం చిరకాలం గుర్తుంటుంది.