వంకాయ పంచాయితీ!

శాస్త్రవేత్త ఒకవైపు.. రైతూ, గృహిణీ, విద్యార్థీ మరోవైపు. మధ్యలో ఓ మొండి ప్రశ్న.. 'ఇది మనకి మంచిదేనా?' జన్యుమార్పిడి పంట కావచ్చు, మేడ మీద సెల్‌ టవర్‌ కావచ్చు. నిర్ణయం నిపుణులదేనా? దాంతో రోజూ బతకాల్సిన మనకీ ఓ మాట ఉంటుందా? ఉంటుందనే చెబుతున్నాయి టీ కప్పుల దగ్గరా, పల్లె రైతుల మధ్యా నడిచిన కొన్ని చర్చలు.

వంకాయలు కొనేటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? తొడిమ పట్టుకుని గిర్రున తిప్పి చూస్తారు. చిన్న కన్నం కనిపించినా పక్కన పడేస్తారు. ఆ కన్నం పెట్టేది కొమ్మనీ కాయనీ తొలిచే పురుగు. అది ఒకసారి కాయలోకి దూరిందంటే మందుకి దొరకదు. అందుకే రైతు మందు కొడతాడు, మళ్లీ కొడతాడు. ఆ ఖర్చు అతనికి, ఆ మందు మనకి!

మరి ఆ పురుగు పట్టని వంకాయే వస్తే? అదే బీటీ వంకాయ. మట్టిలో ఉండే ఓ బ్యాక్టీరియా నుంచి జన్యువును తీసి వంగమొక్కలో చేర్చారు. దాంతో మొక్కే ఓ ప్రొటీన్‌ను తయారుచేసుకుంటుంది. అది కడుపులోకి వెళ్తే పురుగు చచ్చిపోతుంది. విత్తనాల కంపెనీ మహికో తెచ్చిన ఈ వంకాయకి 2009 అక్టోబరు 14న కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్‌ ఆమోద కమిటీ పచ్చజెండా ఊపింది.

అక్కడితో ముగియాల్సిన కథ అక్కడే మొదలైంది. అప్పటికే పొలాల్లో ఉన్న బీటీ పత్తి ప్రధానంగా బట్ట కోసం. ఇది నేరుగా కంచంలోకి వచ్చే కాయ. 'మమ్మల్ని అడిగారా?' అన్న గొంతులు దేశమంతా లేచాయి. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్‌ నిజంగానే అడగడానికి బయల్దేరారు.

ఏడు ఊళ్లు.. ఎనిమిది వేల మంది

2010 జనవరి 13న కోల్‌కతాలో మొదలై ఫిబ్రవరి 6న బెంగళూరులో ముగిసిన ఆ బహిరంగ చర్చలు మధ్యలో భువనేశ్వర్‌, అహ్మదాబాద్‌, నాగ్‌పుర్‌, చండీగఢ్‌, హైదరాబాద్‌ల మీదుగా సాగాయి. దాదాపు 8 వేల మంది వచ్చారు. రైతులు, శాస్త్రవేత్తలు, డాక్టర్లు, విత్తన వ్యాపారులు, వినియోగదారులు.. ఎవరి వాదన వాళ్లది.

'పురుగుని చంపేది మనిషిని ఏం చేయదా?' అన్నది వంటింటి ప్రశ్న. దానికి శాస్త్రవేత్తల దగ్గర జవాబు ఉంది. ఆ ప్రొటీన్‌ పనిచేయాలంటే పురుగు పేగులో ఉండే క్షార గుణం కావాలి, అది అతుక్కునే చోటు కావాలి. మన పొట్టలో ఉండేది ఆమ్లం. అక్కడది మామూలు ప్రొటీన్‌లా అరిగిపోతుందన్నారు. 'సరే, ఆ పరీక్షలు చేసిందెవరు?' అన్నది రెండో ప్రశ్న. చాలావరకు కంపెనీ సమకూర్చిన సమాచారమే కావడంతో సమాధానం ఇబ్బందికరంగా మారింది. 'గుత్తివంకాయకో రకం, పచ్చడికో రకం.. ఇన్ని నాటు రకాలున్న దేశంలో వాటి పుప్పొడితో ఇది కలిసిపోతే?' అన్నది మూడోది. 'విత్తనం ఏటేటా కొనుక్కోవాలా?' అన్నది రైతు ప్రశ్న.

కేకలూ నినాదాలూ లేకపోలేదు. అయితే 2010 ఫిబ్రవరి 9న మంత్రి తన నిర్ణయాన్ని కారణాలతో సహా ప్రకటించారు. స్వతంత్ర పరీక్షలతో అటు నిపుణులకీ ఇటు ప్రజలకీ నమ్మకం కుదిరేదాకా బీటీ వంకాయ సాగు ఆపుతున్నామన్నారు. కొందరు దీన్ని ప్రజల గెలుపన్నారు. ఇంకొందరు శాస్త్రవేత్తలు మాత్రం తప్పుపట్టారు. 'ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నెగ్గేట్టయితే ఇక ప్రయోగశాలలెందుకు?' అన్నది వాళ్ల బాధ. పక్కనున్న బంగ్లాదేశ్‌ 2013లో అదే వంకాయకి అనుమతిచ్చింది. 2014 జనవరిలో 20 మంది రైతులకు నారు ఇచ్చి సాగు మొదలుపెట్టింది. ఒకే కాయ, రెండు దేశాలు, రెండు నిర్ణయాలు!

ఎవరిది ఒప్పన్న సంగతి అలా ఉంచితే, అసలు ఇలాంటి విషయాలు మామూలు జనంతో ఎలా మాట్లాడాలి? దీనికి కొన్ని దేశాలు రకరకాల దారులు వెతికాయి.

టీ తాగుతూ సైన్సు

అన్నిటికన్నా తేలికైన దారి ఇంగ్లాండ్‌లోని లీడ్స్‌ నగరంలో దొరికింది. డంకన్‌ డల్లాస్‌ అనే టీవీ నిర్మాత 1998లో అక్కడ 'కెఫె సైంటిఫిక్‌' మొదలుపెట్టారు. ప్యారిస్‌లో మార్క్‌ సోటే అనే తత్వవేత్త 1992 నుంచి ఓ కెఫేలో కూర్చుని ఆసక్తి ఉన్నవాళ్లతో తత్వశాస్త్రం మాట్లాడేవారు. ఆయన కబుర్లు అలా సాగితే సైన్సు కబుర్లు ఎందుకు సాగవన్నది డల్లాస్‌ ఆలోచన.

పద్ధతి చాలా సులువు. ఓ శాస్త్రవేత్త వచ్చి ఇరవై నిమిషాలు మాట్లాడతారు. తెర ఉండదు, బొమ్మలుండవు. తర్వాత కాస్త విరామం. ఎవరికి కావాల్సింది వాళ్లు తెచ్చుకుని తాగుతూ పక్కవాళ్లతో మాట్లాడుకుంటారు. అసలు సంగతి ఆ తర్వాతే.. గంటకు పైగా ప్రశ్నలూ జవాబులూ! విరామంలో ఓ కిటుకుంది. 'నా ప్రశ్న మరీ అమాయకంగా ఉంటుందేమో' అనుకునేవాళ్లు ముందు పక్కవాళ్లతో అని చూస్తారు. 'నాకూ అదే అనుమానం' అన్న మాట వినిపించగానే ధైర్యం వస్తుంది. వేదిక మీద ప్రొఫెసర్‌, కింద శ్రోతలు అన్న దూరం ఉండదు. అందుకేనేమో ఈ పద్ధతి లీడ్స్‌లో ఆగకుండా ఎన్నో దేశాలకు పాకింది.

అయితే కెఫేలో కబుర్లు కెఫేలోనే ఉండిపోతాయి. అవి ప్రభుత్వం చెవిన పడాలంటే? దానికి డెన్మార్క్‌ అంతకుముందే ఓ పద్ధతి కనిపెట్టింది. అక్కడి టెక్నాలజీ బోర్డు 1987లో తొలి 'ఏకాభిప్రాయ సదస్సు' నిర్వహించింది. విషయం.. పరిశ్రమల్లో, వ్యవసాయంలో జన్యు సాంకేతికత. పదిహేను మంది దాకా మామూలు పౌరులను ఎంపిక చేస్తారు. వాళ్లు ముందుగా రెండు వారాంతాలు కూర్చుని విషయం తెలుసుకుంటారు. ఏయే ప్రశ్నలడగాలో, ఏ నిపుణులను పిలవాలో వాళ్లే తేలుస్తారు. ఆనక అందరి ముందూ నిపుణులను ప్రశ్నించి, తమ నివేదికను తామే రాసి పార్లమెంటుకి అందిస్తారు. ఆ తొలి సదస్సు తర్వాత జంతువుల మీద జన్యు పరిశోధనలకి ఓ ప్రభుత్వ కార్యక్రమం కింద నిధులివ్వకూడదని పార్లమెంటు నిర్ణయించింది. ఇంత పేరు తెచ్చుకున్న బోర్డుకీ తర్వాత సర్కారు నిధులు ఆగిపోయాయి. 2012లో అది ఓ ఫౌండేషన్‌గా మారింది.

మెదక్‌లో ప్రజాతీర్పు

చదువుకున్న దేశం కాబట్టి చెల్లింది, మన దగ్గర కుదురుతుందా అంటారా? కుదిరింది. అదీ మెదక్‌ జిల్లాలో! 2001 జూన్‌ 25 నుంచి జులై 1 దాకా 'ప్రజాతీర్పు' పేరుతో సాగిన ఆ సభలో న్యాయమూర్తుల స్థానంలో కూర్చున్నది దాదాపు 20 మంది చిన్న, సన్నకారు రైతులు. ఎక్కువమంది మహిళలే. దళిత, గిరిజన కుటుంబాల వాళ్లూ ఉన్నారు.

వాళ్ల ముందు రేపటి వ్యవసాయం ఎలా ఉండాలో చెప్పే మూడు దారులను పెట్టారు. ఒకటి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వ 'విజన్‌-2020' చెప్పిన యంత్రాలు, జన్యుమార్పిడి పంటల దారి. రెండోది, సేంద్రియ పంటలు పండించి విదేశాలకు ఎగుమతి చేయడం. మూడోది, ఊరికి కావాల్సింది ఊళ్లోనే పండించుకోవడం. పెద్ద పెద్ద నివేదికలు చదవమనలేదు, ఒక్కో దారినీ వీడియోగా తీసి చూపించారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల తరఫు వాళ్లు సాక్షులుగా వచ్చారు. వాళ్లను రైతులు నిలదీశారు. అంతా పద్ధతి ప్రకారం జరుగుతోందో లేదో చూడ్డానికి సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఉన్న ఓ బృందాన్నీ పెట్టారు.

తీర్పులో బీటీ పత్తి వద్దన్నారు, విటమిన్‌-ఎ బియ్యం వద్దన్నారు. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న ఆలోచననీ కాదన్నారు. పొలం వదిలినవాళ్లకి పని ఎక్కడ దొరుకుతుందన్నదే వాళ్ల ప్రశ్న. గమనించండి.. ఇది జన్యువుల గురించిన ప్రశ్న కానే కాదు. ప్రయోగశాలలో దీనికి జవాబు దొరకదు.

అలాగని ఈ ప్రయోగానికి మచ్చ లేదని కాదు. జ్యూరీనీ సాక్షులనూ ఎంచుకున్న తీరులో మొగ్గు కనిపిస్తోందని విమర్శలొచ్చాయి. తీర్పు వచ్చిన ఏడాదిలోపే, 2002 మార్చిలో, బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. తర్వాత తెలుగు రైతులు పెద్దఎత్తున వేసిందీ ఆ పత్తే. ఇరవై మంది మాట రైతులందరి మాట కాలేదు. వాళ్ల ప్రశ్నలకి జవాబు ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఎవరి మీదా పడలేదు.

ఎవరొచ్చారు? ఎప్పుడడిగారు?

తలుపులు బార్లా తెరిచి అందర్నీ రమ్మంటే ఈ ఇబ్బంది తీరుతుందా? బ్రిటన్‌ 2003 వేసవిలో అదీ చేసి చూసింది. జన్యుమార్పిడి పంటల మీద దేశమంతా వందల సభలు పెట్టింది. దాదాపు 37 వేల మంది అభిప్రాయాలు రాసిచ్చారు. ఎక్కువమంది వద్దనే అన్నారు. కానీ వచ్చినవాళ్లలో చాలామంది ముందే ఓ నిర్ణయానికి వచ్చినవాళ్లన్న అనుమానం ఉండనే ఉంది. అందుకని ఆ విషయం అంతగా పట్టని 77 మందిని విడిగా పోగుచేసి, తెలుసుకునేందుకు సమయమిచ్చి మాట్లాడించారు. తెలిసేకొద్దీ వాళ్లు కొన్ని లాభాలను ఒప్పుకున్నారు, వాళ్ల సందేహాలూ పెరిగాయి! 'జనానికి తెలియకే భయపడుతున్నారు, చెబితే ఒప్పుకుంటారు' అన్న నమ్మకానికి అది చిన్న చురక.

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఓ వస్తువు విషమా కాదా అన్నది చేతులెత్తి తేల్చేది కాదు, దానికి పరీక్షలే కావాలి. కానీ లాభం ఎవరికి, నష్టం వస్తే భరించేదెవరు, అసలు అంత అవసరమా అన్నవి పరీక్షనాళికలో తేలవు. వాటిని మాట్లాడుకునే తేల్చుకోవాలి. ఆ మాటలు కూడా నిర్ణయం జరగకముందే సాగాలి, మన భాషలో సాగాలి, రెండు పక్షాలూ ఎదురుగా ఉండాలి. అన్నిటికీ మించి అడిగినదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. వంకాయ పంచాయితీలో కేకలు ఎక్కువైనా చివర్లో మంత్రి సంతకంతో కారణాలు బయటికొచ్చాయి. ప్రజాతీర్పులో ప్రశ్నలు పదునైనవే అయినా వినాల్సినవాళ్లు వినలేదు. తేడా అదే!

మన మెట్ల దగ్గర..

ఇదంతా మంత్రులూ శాస్త్రవేత్తల వ్యవహారమే కాదు. మన అపార్ట్‌మెంట్‌ మీద సెల్‌ టవర్‌ పెడతామని కంపెనీవాళ్లు వచ్చారనుకోండి. అద్దె వస్తుందని కొందరు, రేడియేషన్‌ అని కొందరు. కిందింటివాళ్లకి సిగ్నల్‌ కావాలి, పై అంతస్తువాళ్లకి నిద్ర కావాలి. మాటా మాటా పెరిగి అసోసియేషన్‌ సమావేశం కాస్తా గొడవగా మారుతుంది.

అప్పుడు ప్రశ్నలను రెండుగా విడదీసి చూడండి. రేడియేషన్‌ ఎంత అన్నది కొలిచి చెప్పేది. మన దేశంలో టవర్ల రేడియేషన్‌ పరిమితిని 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ ప్రమాణంలో పదోవంతుకి తగ్గించారు. టవర్‌ ఆ పరిమితిలో ఉందో లేదో ఫీజు కట్టి కొలిపించుకునేలా టెలికం శాఖ 2017లో 'తరంగ్‌ సంచార్‌' పేరుతో ఏర్పాటు చేసింది. ఆ అంకె చేతికొస్తే సగం వాదన చల్లబడుతుంది. ఇక మేడ ఆ బరువు మోస్తుందా, జనరేటర్‌ మోత ఎవరు భరించాలి, వచ్చిన అద్దె ఎవరికి, వద్దన్న ఇంటివాళ్ల మాటకి విలువెంత.. ఇవి మిగులుతాయి.

బరువు సంగతి ఇంజినీరు చెబుతారు. మిగతావి చెప్పడానికి ఎవరూ రారు. ఒప్పందం మీద సంతకం కాకముందే, మెట్ల దగ్గర నాలుగు కుర్చీలేసుకుని మనమే తేల్చుకోవాలి. పనిలో పనిగా టీ కూడా పెట్టిస్తే మంచిది!