పెద్ద చదువు: ఇంటివారు తెలిసికొనవలసిన సంగతులు

"అయ్యగారూ, అబ్బాయి యమ్.ఎ. పాసయినాడు. ఇంకా ఏదో పిహెచ్.డి. అంటున్నాడు. అది ఎన్నేండ్ల చదువు? అయినాక ఉద్యోగమిస్తారా?" రామకుప్పం చుట్టుప్రక్కల సంఘములలో తల్లిదండ్రులు మమ్ములను ఈ ప్రశ్న అడుగుచునే యున్నారు. 1997లో కుప్పం దగ్గర శ్రీనివాసవనములో ద్రావిడ విశ్వవిద్యాలయము ఏర్పడినది. అప్పటినుండి మన పిల్లలకు యమ్.ఎ. చదువు బస్సు దూరములోనికి వచ్చినది. పాలు పోసి, మల్బరీ ఆకు కోసి, బెంగుళూరు రైలెక్కి కూలిచేసి చదివించిన ఇండ్లలో నుండి ఇప్పుడు పరిశోధన చేయుదుమనువారు లేచుచున్నారు. సంతోషమే. అయితే గోపురము కట్టగోరినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14వ అధ్యాయము) ఇక్కడ అక్షరాల వర్తించును. ఆ లెక్క ఏమిటో చూతము.

మొట్టమొదట తెలిసికొనవలసినది, పిహెచ్.డి. అనునది యమ్.ఎ. తరువాతి ఇంకొక తరగతి కాదు. తరగతిలో ఇతరులు కనుగొన్నది మనము నేర్చుకొందుము. పరిశోధనలో ఇంతవరకు ఎవరును కనుగొననిది ఒకటి, ఎంత చిన్నదైనను సరే, మనమే కనుగొని ఋజువు చూపవలెను. దీనికి ఉదాహరణ మన జిల్లాల ప్రక్కనే యున్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో అనేక మిషనులు కలిసి 1915లో క్షయరోగులకు ఆసుపత్రి తెరచిన సంగతి మన పెద్దలకు తెలియును. 1950వ దశకములో అక్కడి వైద్యులు బి.సి.జి. టీకా నిజముగా ఎంతవరకు కాపాడునో తెలిసికొనవలెనని మదనపల్లె చుట్టునున్న గ్రామములకు బయలుదేరిరి. ఇంటింటికి వెళ్ళి పేర్లు వ్రాసికొన్నారు. కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, అదే ఇండ్లకు మరల మరల వెళ్ళి పరీక్షలు చేసిరి. ఆ లెక్కలు ఏండ్ల తరబడి సాగినవి. వాటిని గూర్చిన వ్యాసము 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయినది. "టీకా మంచిది" అని ఒక్క మాటతో సరిపెట్టుకొనక, ఎందరికి, ఎంత కాలము, ఎంత మేలు అని అడిగి లెక్క తేల్చుటే పరిశోధన. మీ కుమారుడు పల్లెపాటల మీద పనిచేసినను, నేల సారము మీద పనిచేసినను పద్ధతి ఇదే.

అందుచేతనే మూడు దినముల సదస్సునకు వెళ్ళి, కొంత సొమ్ము కట్టి, నల్లగౌను తొడుగుకొని ఫోటో దిగి వచ్చి పేరు ముందు "డా." అని వ్రాసికొనుట మాకు బాధ కలిగించును. మన సేవకులలోనే ఇది ఎక్కువగుచున్నది గనుక కప్పిపుచ్చి లాభము లేదు. 1956 నాటి యు.జి.సి. చట్టము 22వ సెక్షను ప్రకారము పార్లమెంటు లేక శాసనసభ చట్టముచేత ఏర్పడిన విశ్వవిద్యాలయములు, డీమ్డ్ విశ్వవిద్యాలయములు, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీలు ఇయ్యవచ్చును. ఊరూపేరూ లేని ట్రస్టు ఇచ్చిన కాగితము డిగ్రీ కాదు.

గౌరవ డాక్టరేటు అనునది వేరొకటి కలదు. అది తగినవారికి నిజమైన విశ్వవిద్యాలయము ఇచ్చు సన్మానము. గుర్రం జాషువా కవిగారిని ఆంధ్ర విశ్వవిద్యాలయము "కళాప్రపూర్ణ"తో గౌరవించినది. అట్టి సన్మానము ఎవరును అడిగి తెచ్చుకొనరు, డబ్బిచ్చి అంతకన్నను తెచ్చుకొనరు. వేదాంతములో నిజమైన డాక్టరేటు కావలసినవారికి దారి మూసి లేదు. కేరీ, మార్ష్‌మన్, వార్డు గారలు 1818లో స్థాపించిన శ్రీరాంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు పట్టాలిచ్చు అధికారమిచ్చెను. 1918లో బెంగాలు శాసనసభ ప్రత్యేక చట్టము చేసినది. బి.డి., తరువాత యమ్.టిహెచ్., ఆ తరువాతనే డాక్టరేటు. ఈ మెట్లు ఎక్కినవారి సంగతి వేరు. ఎక్కనివారు "పాస్టరుగారు" అనిపించుకొనుటలో తక్కువతనమేమున్నది?

ఇక విశ్వవిద్యాలయపు మెట్లు. దేశమంతటికి ఇప్పుడున్న నియమములు యు.జి.సి. 2022 నవంబరులో ప్రకటించినవి.

యమ్.ఎ., యమ్.యస్సీ. వంటి పై డిగ్రీలో 55 శాతము మార్కులుండవలెను. యస్.సి., యస్.టి., క్రీమీలేయరు కాని బి.సి., వికలాంగులు, ఇ.డబ్ల్యు.యస్. వారికి 5 శాతము సడలింపు కలదు. నాలుగేండ్ల డిగ్రీ చదివినవారు 75 శాతము తెచ్చుకొనిన యెడల యమ్.ఎ. లేకుండనే చేరవచ్చును. మన ఇండ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. యస్.సి. కులముల నుండి క్రైస్తవులైన వారిని, వారి సంతానమును మన రాష్ట్రము బి.సి.-సి గా గుర్తించుచున్నది. బడి రికార్డులో ఒకటి, సంఘము రిజిష్టరులో ఇంకొకటి ఉన్నవారు ఈ మెట్టు దగ్గర తప్పక చిక్కుపడుదురు. ఏలయనగా ప్రవేశమప్పుడు, ఫెలోషిప్పు అప్పుడు, ఉద్యోగమప్పుడు సర్టిఫికెట్లు మరల మరల పరిశీలింతురు. పదవ తరగతిలోనే సరిచూచుకొనుట మేలు.

తరువాత ప్రవేశపరీక్ష. మన రాష్ట్రములో ఎ.పి.ఆర్.సెట్ అను ఉమ్మడి పరీక్ష యున్నది. దేశమంతట జరుగు యు.జి.సి. నెట్ పరీక్ష మార్కులను కూడ 2024 నుండి పిహెచ్.డి. ప్రవేశమునకు లెక్కలోనికి తీసికొనుచున్నారు. అందులో పైవరుసలో వచ్చినవారికి జె.ఆర్.ఎఫ్. అను ఫెలోషిప్పు దొరకును. 2023 జనవరి నుండి దాని మొత్తము మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు. ఇల్లు గడుచుట కష్టమైన కుటుంబమునకు మా సలహా ఒక్కటే: పిల్లవాడు ఒక సంవత్సరము ఆగి చదివియైనను జె.ఆర్.ఎఫ్. తెచ్చుకొనుటకు ప్రయత్నింపనిండు. వయస్సు హద్దు 30 ఏండ్లు. బి.సి., యస్.సి., యస్.టి. వారికి, స్త్రీలకు 5 ఏండ్లు ఎక్కువ. మైనారిటీల పిల్లలకు మౌలానా ఆజాద్ పేరుతో ప్రత్యేకమైన ఫెలోషిప్పు ఉండెడిది, క్రైస్తవులకు కూడ వర్తించెడిది. దానిని కేంద్ర ప్రభుత్వము 2022-23 నుండి కొత్తవారికి నిలిపివేసినది. పాత పుస్తకములు చూచి దానిమీద ఆశపెట్టుకొనవద్దు.

గైడు ఎవరు?

పరీక్ష పాసగుటతో సీటు వచ్చినట్టు కాదు. గైడు దగ్గర ఖాళీ ఉండవలెను. ఒక ప్రొఫెసరు ఒకే కాలమున 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందిని, అసిస్టెంట్ ప్రొఫెసరు 4గురిని మించి చేర్చుకొనరాదు. పదవీ విరమణకు మూడేండ్లకన్న తక్కువ మిగిలినవారు కొత్తవారిని తీసికొనరాదు. కనుక దరఖాస్తుకు ముందే ఆ శాఖకు వెళ్ళి ఎవరి దగ్గర చోటున్నది, వారు ఏ విషయము మీద పనిచేసినారు, వారి విద్యార్థులు ఎన్నేండ్లలో ముగించినారు అని విచారించవలెను. చివరి ప్రశ్న గైడును అడుగుట మర్యాద కాదు, ఆయన పాత విద్యార్థులను అడుగవలెను. పెండ్లికి సంబంధము విచారించినంత శ్రద్ధ ఇక్కడ చూపినను తప్పులేదు, ఐదారేండ్లు కలిసి నడువవలసిన వారు గదా! గైడును గురువుగా గౌరవించుట మన సంప్రదాయమే గాని, గైడుగారింటికి బజారు సరుకులు మోయుట పరిశోధనలో భాగము కాదు.

విషయమును ఎన్నుకొనుటలో మన పల్లెబిడ్డలు తమ చేతిలోనున్న ధనమును గుర్తెరుగరు. ఎక్కడో దూరపు నగరము మీద, ఇతరులు నూరుసార్లు వ్రాసినదాని మీద వ్రాయబోవుదురు. కుప్పం సీమ మూడు రాష్ట్రముల కూడలి. ఒకే ఇంటిలో తెలుగు, తమిళము, కన్నడము వినబడును. ఆర్కాటు మిషను వారు మదనపల్లె, పుంగనూరులలో సేవచేసిరి. పాత సంఘములలో బాప్తిస్మపు రిజిష్టర్లు, వివాహపు రిజిష్టర్లు చెదలు తినుచు పడియున్నవి. ఎవరు ఏ ఊరినుండి వచ్చిరి, ఏ పని చేసెడివారు, కరవు సంవత్సరములలో ఎందరు వచ్చిరి అను ప్రశ్నలకు జవాబు అందులో దొరకవచ్చును. ద్రావిడ విశ్వవిద్యాలయములో జానపద, గిరిజన అధ్యయన శాఖ కూడ ఉన్నది. మన అవ్వల పాటలు, ఏనుగులు పొలములో పడిన రాత్రులను గూర్చి చెప్పుకొను కథలు అక్కడ చదువుకు పనికివచ్చు సామగ్రియే.

చేరిన తరువాత

చేరినాక మొదట కోర్సువర్కు. పరిశోధన పద్ధతులు నేర్పి పరీక్ష పెట్టుదురు. అందులో 55 శాతము రావలెను. పిమ్మట ప్రతి ఆరునెలలకు ఒకసారి పరిశోధన సలహా సంఘము ఎదుట నిలువబడి ఎంత పని జరిగెనో చెప్పవలెను. కోర్సువర్కుతో కలిపి కనీసము 3 ఏండ్లు, గరిష్ఠముగా 6 ఏండ్లు. మరల రిజిష్టరు చేయించుకొనిన యెడల ఇంకొక 2 ఏండ్లు. దానియేలును స్నేహితులును బబులోనులో చదివినది మూడేండ్లే గాని, వారికి భోజనము రాజనగరులోనే దొరికెను!

ఈ నడిమి ఏండ్లే ఇంటివారికి అర్థము కావు. పిల్లవాడు పుస్తకము ముందు కూర్చుండును, ఏమియు వ్రాయడు, జీతము లేదు, ఈడువారందరు స్థిరపడిరి. "వీడు ఖాళీగా ఉన్నాడు" అని బంధువులు అందురు. పట్టుపురుగులు మేపు ఇండ్లవారికి మేము చెప్పనక్కరలేదు. జ్వరములో నున్న పురుగు ఆకు తినదు, కదలదు, అయినను చచ్చినదని ఎవరును తట్ట బోర్లించరు. నాలుగు జ్వరములు దాటిన తరువాతనే అది గూడు కట్టును.

ఆడపిల్లల సంగతి కొంచెము విపులముగా చెప్పవలెను. మధ్యలో పెండ్లి చేసి "ఇక చాలులే" అనుట మన ఇండ్లలో అలవాటు. నియమములు వారికి మన కన్న దయ చూపుచున్నవి. స్త్రీలకు అదనముగా 2 ఏండ్లు, మొత్తము 10 ఏండ్ల వరకు గడువు కలదు. ప్రసూతి, శిశు సంరక్షణ కొరకు 240 దినముల వరకు సెలవు కలదు. పెండ్లియై వేరొక ఊరికి వెళ్ళవలసివస్తే తన పరిశోధనను అక్కడి విశ్వవిద్యాలయమునకు మార్చుకొను అవకాశము కూడ, కొన్ని షరతులతో, ఉన్నది. సంబంధము మాటలాడునప్పుడే ఈ సంగతి మగపెండ్లివారితో తేల్చుకొనుడి. కట్నము మాటకు నోరు తెరచువారు దీనికి ఏల మొగమాటపడవలెను?

ఉద్యోగము చేయుచు పార్ట్‌టైముగా కూడ చేయవచ్చును. పనిచేయుచోటి నుండి అభ్యంతరము లేదని పత్రము తేవలెను. దూరవిద్య, ఆన్‌లైను పద్ధతులలో పిహెచ్.డి. చెల్లదు. "ఇంటివద్దనే కూర్చుండుడి, ఫీజు కట్టుడి, పుస్తకము మేమే వ్రాయింతుము" అనువాడు వచ్చిన యెడల గుమ్మములోనుండియే పంపివేయుడి. దానికొరకు పొలము తాకట్టు పెట్టువారున్నారు.

ఫెలోషిప్పు వచ్చినను నెలనెలా సరిగా రాకపోవుట మామూలు. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయములో మరణించిన పరిశోధక విద్యార్థి వేముల రోహిత్ తన చివరి లేఖలో తనకు ఏడు నెలల ఫెలోషిప్పు రావలసియున్నదని వ్రాసినాడు. హాస్టలులోనున్న మన పిల్లలను "ఎప్పుడు ముగియును?" అని అడుగువారు చాలమంది. "ఈ నెల డబ్బు వచ్చినదా? అన్నము తినుచున్నావా? నీతో మాటలాడువారున్నారా?" అని సంఘపెద్దలలో ఒకరైనను ఫోనుచేసి అడుగవలెను.

చివరి మెట్లు

వ్రాత ముగిసిన తరువాత శాఖలో అందరి యెదుట ఒకసారి వినిపించి, వారి సవరణలు చేర్చుకొనవలెను. గ్రంథమును కంప్యూటరుతో పరీక్షించి ఇతరుల వ్రాతలు ఎత్తి వ్రాసినదేమో చూతురు. ఆ పిమ్మట బయటి విశ్వవిద్యాలయములకు చెందిన కనీసము ఇద్దరు పరీక్షకులకు పంపుదురు. ఒకరు కాదన్న యెడల వేరొకరికి పంపుదురు, ఆయనయు కాదన్న యెడల గ్రంథము తిరస్కరింపబడును. బాగున్నదన్న తరువాత వైవా, అనగా పరీక్షకుని యెదుట కూర్చుండి నోటితో జవాబులు చెప్పుట. గ్రంథమిచ్చిన ఆరునెలలలో ఇదంతయు ముగించవలెనని నియమము.

సవరించి తెమ్మన్నంత మాత్రమున అవమానము కాదు. అంబేద్కరు గారు లండనులో రూపాయి సమస్యను గూర్చి సమర్పించిన గ్రంథమును పరీక్షకులు మార్చి తెమ్మనిరి. మార్చి ఇచ్చి 1923లో డి.యస్సీ. పొందిరి. కొలంబియాలో ఆయన చదివినది 1913 నుండి 1916 వరకు. గ్రంథము అచ్చయినది 1925లో, పిహెచ్.డి. పట్టా వచ్చినది 1927లో.

పట్టా ప్రకటించుటకు ముందు గ్రంథపు ప్రతిని శోధ్‌గంగ అను జాతీయ భండారములో ఉంచుదురు. పిహెచ్.డి. యు.జి.సి. నియమముల ప్రకారమే ఇయ్యబడినదని ధృవపరచు తాత్కాలిక సర్టిఫికెటును అడిగి తీసికొని భద్రపరచుకొనవలెను. అధ్యాపక ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునాడు దానితో పనిపడును. శోధ్‌గంగను ఎవరైనను డబ్బు లేకుండ ఇంటిలోని ఫోనులోనే చూడవచ్చును. చిత్తూరు జిల్లాను గూర్చి, తాను కోరుకొనిన విషయమును గూర్చి ఇదివరకే ఎవరెవరు ఏమి వ్రాసినారో మీ అబ్బాయి గాని అమ్మాయి గాని అందులో వెదకి, రెండు మూడు గ్రంథములు మొదటినుండి చివరవరకు చదివిన తరువాతనే గైడు తలుపు తట్టవలెను.