నేల టికెట్ లేని ఆట

వెయ్యి రూపాయలు. 2012 డిసెంబరులో కమల్ హాసన్ చెప్పిన ధర అది. 'విశ్వరూపం' 2013 జనవరి 11న థియేటర్లలోకి వస్తుందనీ, అంతకు ముందు రాత్రే డీటీహెచ్ ఉన్న ఇళ్లలో ఒకే ఒక్క ఆట పడుతుందనీ, కావలసినవారు వెయ్యి కట్టి బుక్ చేసుకోవచ్చనీ ప్రకటించారు. చెన్నై సినిమా పేట కోడంబాక్కం భగ్గుమంది. ఆ సినిమా వేసేది లేదని తమిళనాడు థియేటర్ల యజమానులు తెగేసి చెప్పారు. చివరికి రాజీ కుదిరింది: థియేటర్లలో జనవరి 25న, ఇళ్లలో ఫిబ్రవరి 2న. ఆ రాజీ కూడా నిలవలేదు. ముస్లిం సంఘాల అభ్యంతరాల మీద తమిళనాడు ప్రభుత్వం ప్రదర్శనలు ఆపింది. కోర్టులూ చర్చలూ దాటుకుని సినిమా అక్కడ ఫిబ్రవరి 7న తెరమీదికొచ్చింది. ఇళ్లలో ముందుగా వేస్తామన్న ఆట మాత్రం పడనే లేదు.

నిషేధం గొడవ అందరికీ గుర్తుంది. దాని హోరులో ధర మాట మరుగున పడింది. ఒక ఆటను ఇంట్లో కూర్చుని చూడటానికి ఎంత అడగవచ్చు, ఎంత అడిగితే ప్రేక్షకుడు తలుపు మూసుకుంటాడు అనే ప్రశ్న మన దక్షిణాదిన అంత సూటిగా అంతకుముందు ఎవరూ వేయలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ ప్రశ్నను మళ్లీ ఎత్తడానికి కారణం బాక్సింగ్. కమల్ తెద్దామనుకున్న వ్యాపార పద్ధతిని ఆయనకు కొన్ని దశాబ్దాల ముందే అమెరికాలో పెంచి పోషించిన ఆట అది. అది బాగుపడిన తీరూ చెడిన తీరూ కోడంబాక్కం వాళ్లు తెలుసుకోవలసినవే.

ముందు ఆ వెయ్యి విలువెంతో చూద్దాం. 2006 నుంచి తమిళనాడులో ప్రభుత్వమే పేదలకు కలర్ టీవీలు పంచింది. 2011లో వచ్చిన ప్రభుత్వం అరసు కేబుల్‌ను నెలకు 70 రూపాయలకే ఇచ్చింది. చెన్నై మల్టీప్లెక్సులో టికెట్టు అప్పట్లో 120 దాటకూడదు. ముందు వరుసలో పది రూపాయల సీటూ ఉండాలి. అంటే కమల్ ఒక్క రాత్రికి అడిగిన సొమ్ముతో ఒక ఇల్లు పద్నాలుగు నెలలు కేబుల్ చూడొచ్చు. లేదా ఎనిమిది మంది మల్టీప్లెక్సుకు వెళ్లొచ్చు. పైగా ఆ ఆట డీటీహెచ్ ఉన్న ఇళ్లకే. వడపళని సందుల్లో, సాలిగ్రామంలో లైట్‌బాయ్‌లూ, కాస్ట్యూమర్లూ, జూనియర్ ఆర్టిస్టులూ ఉండే ఇళ్లలో కనెక్షన్ ఎక్కువగా కేబులే. సినిమా తీసే చేతులకే ఆ సినిమా తొలి ఆట అందదన్నమాట.

అయినా కమల్ వాదనలో పస లేదని నేననను. సుమారు 95 కోట్లు పెట్టి తీసిన సినిమా. థియేటరుకు ఎప్పుడూ రాని పెద్దవాళ్లున్నారు, పసిపిల్లల తల్లులున్నారు, ఊరవతల ఉండేవాళ్లున్నారు. వాళ్ల డబ్బు సినిమాకు ఏనాడూ రావడం లేదు, పైరసీ సీడీవాడికే పోతోంది. తలుపు ఇంకోటి తెరుద్దాం అన్నారాయన. థియేటర్ల వాళ్ల భయమూ ఉత్తిది కాదు. ఒక ఇంట్లో వెయ్యి కడితే ఆ వాడంతా అక్కడే చేరుతుంది, మర్నాడు మా హాలుకు వచ్చేదెవరు అన్నారు. వీడియో డెక్కులు అద్దెకు తెచ్చి, తలాకొంత వేసుకుని, తెల్లవార్లూ మూడేసి సినిమాలు చూసిన తరం మనది. వాళ్ల భయం ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు.

బాక్సింగ్‌లోనూ మొదట జరిగింది ఇదే. 1971 మార్చి 8న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ తలపడినప్పుడు ఇద్దరికీ చెరి 25 లక్షల డాలర్లు ముట్టాయి. ఆ డబ్బు స్టేడియం గేటు దగ్గర వచ్చింది కాదు. ఊరూరా థియేటర్లకు తీగల మీద బొమ్మ పంపి, టికెట్లు అమ్మి రాబట్టింది. అంటే పోరును తొలుత అమ్మింది సినిమాహాళ్లలోనే. తర్వాత కేబుల్ వచ్చి ఆ టికెట్టును ఇంటి గుమ్మంలోకి తెచ్చింది. 1988 జూన్ 27న అట్లాంటిక్ సిటీలో మైక్ టైసన్ 91 సెకన్లలో మైకేల్ స్పింక్స్‌ను పడగొట్టాడు. డబ్బు కట్టి కూర్చున్నవాడు సోఫాలో సర్దుకునేలోపే ఆట అయిపోయింది. అలాంటి రాత్రి ఎవరికీ ఒక్క సెంటు తిరిగి రాదు.

మన వాళ్లకూ ఈ దెబ్బ తగలకపోలేదు. 2007 క్రికెట్ ప్రపంచకప్‌ను అమెరికాలో శాటిలైట్ టీవీ కంపెనీలు ప్యాకేజీగా అమ్మాయి. ద్రావిడ్ జట్టు తొలి దశలోనే ఇంటిముఖం పట్టింది. ముందే డబ్బు కట్టేసిన తెలుగు కుటుంబాలు మిగతా నెలంతా వేరే దేశాల ఆటలు చూస్తూ గడిపాయి. ముందు కట్టి తర్వాత చూసే బేరంలో నష్టమంతా ప్రేక్షకుడి నెత్తినే పడుతుంది.

ఇక ధర ఎక్కిన తీరు చూడండి. 2007లో డి లా హోయా, మేవెదర్ పోరు 54.95 డాలర్లు; 24 లక్షల ఇళ్లు కొన్నాయి. 2015 మే 2న మేవెదర్, పకియావ్ లాస్ వేగాస్‌లో కలబడేసరికి హెచ్‌డీలో 99.95 డాలర్లు అయింది. ఆనాటి మారకంలో ఆరువేల రూపాయల పైమాటే. 46 లక్షల ఇళ్లు కొన్నాయి. ఇలా ఆటకింత అని కట్టే పే-పర్-వ్యూ మీదనే 40 కోట్ల డాలర్లు దాటాయి. అందులో కొంత కేబుల్, శాటిలైట్ కంపెనీల వాటా. మిగిలినది ప్రమోటర్లూ ఛానెళ్లూ పోను ఇద్దరు బాక్సర్లు 60, 40 పాళ్లలో పంచుకున్నారు. ఆఖరి నిమిషంలో కొనేవాళ్ల తాకిడికి కేబుల్ వ్యవస్థలు మొరాయించి పోరు ఆలస్యంగా మొదలైంది. అదే రాత్రి కొందరు తమ టీవీ ముందు ఫోన్ పట్టుకుని పెరిస్కోప్‌లో బయటివాళ్లకు చూపించేశారు. రెండేళ్ల తర్వాత మేవెదర్, మెక్‌గ్రెగర్ ఆటకూ అదే ధర. దొంగ ప్రసారాలు 239 అనీ, వాటిని చూసినవాళ్లు సుమారు 29 లక్షలనీ ఇర్డెటో అనే భద్రతా సంస్థ లెక్కగట్టింది. డబ్బు కట్టిన ఇళ్లు 43 లక్షలు.

ఆ 2015 పోరు మన దేశంలో ఆదివారం ఉదయం సోనీ సిక్స్‌లో మామూలు చందాతోనే వచ్చింది. డాలస్‌లో ఉన్న తమ్ముడు వంద డాలర్లు కట్టి చూసిన ఆటను విజయవాడలో అన్న కాఫీ తాగుతూ చూసేశాడు. ఇద్దరూ చూసిన పంచ్‌లు అవే. ధరను నిర్ణయించింది ఆట గొప్పతనం కాదు. అక్కడివాళ్ల దగ్గర ఎంత పిండవచ్చన్న అంచనా ఒక్కటే.

నన్ను కలవరపెట్టే అంకె మాత్రం ఇంకొకటుంది. 1978 సెప్టెంబరు 15న అలీ, లియోన్ స్పింక్స్ రెండోసారి తలపడ్డారు. ఏబీసీ ఛానెల్ దాన్ని ఉచితంగా వేసింది. అమెరికాలో సుమారు 9 కోట్ల మంది చూశారని అంచనా. ముప్పయ్యేడేళ్ల తర్వాత, జనాభా ఎన్నో కోట్లు పెరిగాక, 'శతాబ్దపు పోరు' అని ఊదరగొట్టిన ఆట 46 లక్షల ఇళ్లలో పడింది. ఇంటికి పదిమంది గుమికూడారనుకున్నా పాత లెక్కలో సగమే. ఆదాయం చూస్తే చరిత్రలోనే పెద్దది, ప్రేక్షకుల్ని చూస్తే కుదించుకుపోయింది. విత్తనపు వడ్లు దంచుకు తింటే ఆ ఏడాది కడుపు నిండుతుంది; బాక్సింగ్ చేసింది ఆ పనే. 1976 ఒలింపిక్స్‌లో షుగర్ రే లెనార్డ్‌ను ఉచిత టీవీలో చూసి మనసు పారేసుకున్న కుర్రాళ్లే పెద్దయ్యాక డాలర్లు తీసి కట్టారు. వాళ్ల పిల్లలకు ఆ అవకాశం రాలేదు. వందడాలర్ల గది బయట పెరిగిన పిల్లవాడికి హెవీవెయిట్ ఛాంపియన్ పేరు తెలియదు. 2018లో హెచ్‌బీవో, 2023 చివర షోటైమ్ బాక్సింగ్‌కు దణ్ణం పెట్టేశాయి.

మద్రాసులో ఈ ఆటకు ఎంత పిచ్చి ఉండేదో తెలిస్తే ఆ నష్టం లోతు అర్థమవుతుంది. రాయపురం, కాశిమేడు పరిసరాల్లో సార్పట్ట, ఇడియప్ప అంటూ పరంపరలుగా చీలి, రేవు కార్మికులూ మత్స్యకారులూ గుద్దులాటను కులదైవంలా కొలిచారు. 1980 జనవరిలో ముహమ్మద్ అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోరు ఆడాడు. ముఖ్యమంత్రి ఎంజీఆర్ సత్కరించారు. మద్రాసు దూరదర్శన్ పుట్టి అప్పటికి ఐదేళ్లు కూడా కాలేదు. టీవీ ఉన్న ఇల్లు వీధికొకటి ఉంటే గొప్ప. అయినా జనం స్టేడియానికి పోటెత్తారు. పేపర్లలో ఫొటోలు, థియేటర్లో న్యూస్‌రీళ్లు, టీ కొట్టు దగ్గర కబుర్లు, అన్నీ చవకగా దొరికినవే అలీని వాళ్ల ఇంటి మనిషిని చేశాయి. ఆ పరంపరల మీద పా. రంజిత్ తీసిన 'సార్పట్ట పరంపర' కూడా 2021 జూలైలో థియేటరు తొక్కకుండా అమెజాన్ ప్రైమ్‌లోకే వచ్చింది. ఉత్తర మద్రాసు గుద్దులాట కథ ఆ జనం మధ్య ఈలలు వినకుండానే విడుదలైందే అని నాకు ఇప్పటికీ బాధ.

కోడంబాక్కం ఎదిగింది చవక టికెట్టు మీద. వాహినీ, విజయా, భరణీ, ప్రసాద్ స్టూడియోల్లో తయారైన మన సినిమాలకు అసలు ధైర్యం బాల్కనీ కాదు, నేల టికెట్. నేల మీద కూర్చున్నవాడే మళ్లీ మళ్లీ వచ్చాడు, పాట నేర్చుకున్నాడు, పక్కూరికి మోసుకెళ్లాడు. అణాలు ఇచ్చినా, నటుణ్ణి నాయకుణ్ణి చేసింది వాడే. అలాంటి హాళ్లు ఈ చుట్టుపక్కల ఒక్కొక్కటే పోయాయి. లిబర్టీ లేదు. తక్కువ టికెట్టుకు పేరుపడ్డ ఏవీఎం రాజేశ్వరి లేదు. అశోక్ నగర్ ఉదయం కూడా మూతపడింది. విజయా వాళ్ల స్థలంలో మాల్ లేచింది. అక్కడికి కుటుంబంతో వెళ్లి, పాప్‌కార్న్ కూడా కొనుక్కుని బయటికొచ్చేసరికి ఎంతవుతుందో వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఇక ఇంటి తెరే నేల టికెట్ కావాలి. అక్కడా వెయ్యి అడిగితే చిన్నవాడు ఎక్కడికి పోతాడు?

వెయ్యికి అటు చివర యాభై ఉంది. 2015 మార్చిలో దర్శకుడు చేరన్ 'సినిమా టు హోమ్' అని మొదలుపెట్టి, తన సినిమాను 50 రూపాయల డీవీడీగా ఇళ్లకే అమ్మారు. అది మన శర్వానంద్, నిత్యా మీనన్ నటించిన సినిమా. తర్వాత తెలుగులో 'రాజాధిరాజా'గా వచ్చింది. ఆ పథకం ఎక్కువకాలం సాగలేదు. పైరసీ దెబ్బ తీసింది, డీవీడీ కాలం కూడా దాటిపోతోంది. ధర విషయంలో మాత్రం చేరన్‌దే సరైన అంచనా అని నా నమ్మకం. కరోనా కాలంలో ఆ నమ్మకం గట్టిపడింది. రామ్ గోపాల్ వర్మ 2020 జూన్‌లో 'క్లైమాక్స్'కు వంద రూపాయలు పెట్టి తెలుగు ప్రేక్షకుడికి ఆటకింత అనే పద్ధతి పరిచయం చేశారు. ఆ అక్టోబరులో విజయ్ సేతుపతి 'క.పె. రణసింగం'కు జీప్లెక్స్ 199 తీసుకుంది. మరుసటి ఏడాది సల్మాన్ ఖాన్ 'రాధే'కు 249 పెట్టింది. తొలిరోజే జనం విరగబడి సర్వర్లు కూలాయి. అంటే చూడాలన్న కోరికా ఉంది, కట్టే మనసూ ఉంది. వాళ్లు కట్టింది వెయ్యిలో పావు వంతు.

ఆటల్లోనూ ఇదే రుజువు దొరుకుతోంది. ఫార్ములా వన్ రేసుకు ఫ్యాన్‌కోడ్ 49 రూపాయల పాస్ అమ్మింది. 2023 ఐపీఎల్‌ను జియోసినిమా ఉచితంగా ఇస్తే ఫైనల్‌ను ఒకే సమయంలో 3 కోట్లమందికి పైగా చూశారు. ఉచితం ఎల్లకాలం సాగదని తెలుసు, చందా వచ్చి తీరింది. 

బాక్సింగ్ పెద్దలకూ ఇప్పటికి తెలివొచ్చింది. 2024 నవంబరులో టైసన్, జేక్ పాల్ ఆటను నెట్‌ఫ్లిక్స్ మామూలు చందాలోనే ఇచ్చింది. బొమ్మ ఆగి ఆగి వచ్చినా 6 కోట్ల ఇళ్లు చూశాయని ఆ సంస్థ చెప్పింది. 2025 సెప్టెంబరులో కనెలో, క్రాఫర్డ్ పోరు పాత రోజులైతే తప్పకుండా వంద డాలర్ల ఆట అయ్యేది. అదీ చందాలోనే వచ్చింది, 4 కోట్ల పైగా చూశారు. పే-పర్-వ్యూ మీదే కోటలు కట్టిన యూఎఫ్‌సీ కూడా పారమౌంట్‌తో ఏడేళ్లకు 770 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, 2026 నుంచి అమెరికాలో ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది.

చందా ఒక్కటే దారి అని మాత్రం నేను ఒప్పుకోను. పెద్ద సినిమాను ఓటీటీ కొంటుంది. చిన్న సినిమా వైపు ఈమధ్య కన్నెత్తి చూడటం లేదు, థియేటరు దొరకదు, దొరికినా శుక్రవారం వేసి సోమవారం తీసేస్తారు. అలాంటి సినిమాకు ఆటకింత అనే పద్ధతే ఆసరా. అందుకు కావలసిన పెట్టె అరసు కేబుల్ రూపంలో లక్షల ఇళ్లలో ఉంది. రిమోట్ మీద ఒక మీట, ఇంటికి యాభై రూపాయలు, నెల బిల్లులో కలిపి కట్టే వీలు చాలు. తొలి రెండు వారాలు థియేటరుకే వదిలేయాలి. రిలీజైన మూడో శుక్రవారం రాత్రి ఇంట్లో ఆట వేయాలి. వచ్చినదాంట్లో ఒక పాలు, ఆ సినిమాను ఆడించిన హాళ్లకూ ఇవ్వాలి. కమల్‌కూ హాళ్ల యజమానులకూ చెడింది ఈ ఏర్పాటు లేకనే. నిర్మాతల మండలి, థియేటర్ల సంఘం, కేబుల్ సంస్థ కలిసి ఏడాదికి పన్నెండు సినిమాలతో మొదలుపెట్టవచ్చు. అందులో మూడు నాలుగు తెలుగువైతే, చెన్నైలో తెలుగు సినిమాకు రెండు ఆటలు కూడా దొరకని ఇక్కడి తెలుగు ఇళ్లు ఇంటి ఆట మొదలైన వారంలోనే ఆ మీట నొక్కుతాయి.